స్టార్టర్ మూతికి పెట్టిన గంధం

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి, చాప మీద ఇంకా చోటుంది. మా అత్త విమానం సామానుకు బొట్టు పెట్టిన సంగతి చెబుతాను.

మా ఆయన హోసూరు దగ్గర చిన్న విమానాలు బాగుచేసే షెడ్డులో మెకానిక్. ఒక విమానానికి స్టార్టర్ కాలిపోయింది. పాతదాని లాంటి బరువైనదే తెద్దామన్నాడు షెడ్డు ఓనరు. మా ఆయన తేలికైన కొత్తరకం అడిగాడు. ఇంజను పళ్ళకు దీని పళ్ళు కలుస్తాయా, మూత కింద ఇముడుతుందా, ఆ ఇంజనుకు వాడొచ్చని అనుమతి ఉన్నదేనా అని అన్నీ చూసుకున్నాకే అడిగాడు.

"నీ మాట మీద తెప్పిస్తా ఉండాను. తిరగలేదంటే ఇంక నీ మాట వినేది లేదప్పా" అన్నాడట ఓనరు. ఆ రోజు నుంచి ఈయనకు అన్నం సహించలేదు.

స్టార్టర్ వచ్చిన మరునాడే ఆయుధపూజ. అత్తనూ నన్నూ షెడ్డుకు తీసుకువెళ్ళాడు. నాకన్నీ వింతే.

"రెక్కలుండేదానికి స్టార్టర్ ఎందుకు?" అని అడిగాను.

"రెక్కలు కోడికీ ఉండాయి. ముందర ముక్కు కాడుండే ఆ ఫ్యాను తిరగాల కదా!" అని నవ్వాడు.

మేమట్లా మాట్లాడుతుంటే అత్త గంధం గిన్నెతో స్పానర్లకు, జాకీలకు, బల్ల మీదున్న కొత్త స్టార్టర్‌కు కూడా బొట్లు పెట్టింది. పైకి కనిపించిన గంధాన్ని ఈయన తర్వాత గుడ్డతో తుడిచి, స్టార్టర్ బిగించాడు.

ఫ్యాను తిరగడం చూడాలని మేమిద్దరం మళ్ళీ వెళ్ళాం. బటన్ నొక్కితే లోపల మోటారు గిర్రుమంది. ఫ్యాను మాత్రం కదలలేదు.

"చూసినావా అప్పా, నేను చెప్పలేదా?" అన్నాడు ఓనరు. "ఇంకోసారి నొక్కు."

"వద్దు సార్, ఊరికే నొక్కితే ఇదీ కాలిపోతాది."

మా ఆయన స్టార్టర్ విప్పి, ముందుకు జరిగి ఇంజను పళ్ళను అందుకోవాల్సిన పళ్ళ చక్రాన్ని వేలితో తోశాడు. సగంలో ఆగింది. దాని వెనక ఎండిన పసుప్పచ్చటి పెచ్చు. గోటితో గీరి వాసన చూశాడు.

"ఏమ్మా, ఈ చక్రానికీ పెట్టినావా?"

"కొత్తగా వచ్చింది, పెట్టకుండా ఉంటానా? మూతి ముందుకు పెట్టుకోనుండింది. బొట్టు మూతికి కాక యాడ పెట్టాలరా?"

ఓనరు పగలబడి నవ్వాడు. మా ఆయన నవ్వలేదు, బ్రష్షు తీసుకుని సందుసందూ శుభ్రం చేశాడు.

"ఒక చుక్క నూనె వేస్తే జారదా?" అన్నాను.

"దుమ్ము పట్టి మళ్ళీ బిగుసుకుంటాది. ఈ చక్రం పొడిగా ఉండాల."

మళ్ళీ బిగించి, అందరినీ దూరం జరగమని, బటన్ నొక్కాడు. ఫ్యాను గిరగిరా తిరిగి ఇంజను అందుకుంది. నా కొంగు ఎగిరి అత్త ముఖాన పడింది.

"ఆ ఇంకో విమానానికీ ఇదే తెప్పించప్పా" అన్నాడు ఓనరు. ఆ పూట మా ఆయన రెండోసారి అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

"నా బొట్టు వల్లే తిరిగింది" అంటుంది అత్త ఇప్పటికీ. అందుకే పూజ వస్తే బొట్టు పెట్టమని ఆమె చేతికి స్టార్టర్ వచ్చిన ఖాళీ అట్టపెట్టె ఇస్తారు.

మీ ఇంట పొయ్యి మొదటి పుల్లకే అంటుకోవాలి, మోటారు మొదటి నొక్కుకే తిరగాలి. పిల్లాపాపలతో చల్లగా ఉండండి.