ఆయుధపూజలో ఎర్ర సిలిండర్లు

గద్వాల శివార్లలో పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగు మిల్లులో కాంటా దగ్గర పనిచేశాను. మంటలార్పడానికని ఆ మిల్లు గోడలకు ఎర్ర సిలిండర్లు వేలాడదీసి ఉండేవి.

పత్తి కుప్పలో నిప్పు పడితే లోలోపలికి పాకుతుంది, నీళ్లతో తడిపితేనే చల్లారుతుంది. కరెంటు బోర్డు అంటుకుంటే మాత్రం నీళ్లు కొట్టిన మనిషే పోతాడు, అక్కడ పొడి కావాలి. మా సేటు సరిగ్గా తిరగేశాడు. పత్తి గోదాములో పొడి సిలిండర్లు, కరెంటు బోర్డు పక్కన నీళ్లవి. ఇదేంటని అడిగితే నవ్వాడు.

"ఏదైతే ఏంది? రెండూ ఎర్రగనే ఉన్నయి గద!"

ఆ ఎరుపు మీద మాత్రం ఎక్కడలేని శ్రద్ధ. ఏటా దసరాకు ముందు రంగు వేయించేవాడు. లోపల ఒత్తిడి ఉందో లేదో చూపే ముల్లు ఉంటుంది కదా, దాని అద్దం మీద కూడా పూయించాడు మహానుభావుడు. ఒకసారి పరీక్ష చేయిద్దాం సేటూ అంటే, "మొన్ననే రంగేయించిన గద" అనేవాడు.

ఆయుధపూజ నాడు మిషన్లు ఆపి, పానాలు, సుత్తులతో పాటు ఆ సిలిండర్లనూ కిందికి దింపి, పసుపు కుంకుమ పెట్టి, దండలేసి వరుసగా నిలబెట్టేవాళ్లు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాటి దాకా కదిలించరు. ఆ పద్ధతంటే నాకూ గౌరవమే. సుత్తికి ఒకరోజు సెలవిస్తే నష్టం లేదు. మంటకు సెలవుంటుందా?

ఆ సాయంత్రం హారతి పళ్లెంలోంచి కర్పూరం బిళ్ల జారి పత్తి మీద పడింది. ధరూరు వైపు నుంచి ఆటోలో వచ్చి పత్తిలో చెత్త ఏరే అక్క అందరికంటే ముందు చూసింది. పరుగెత్తి ఒక సిలిండర్ అందుకోబోయింది.

"పూజల పెట్టినయి! రేపటిదాంక ముట్టొద్దు!" అని అరిచాడు సేటు.

నేను వినలేదు. ఒకటి లాగి, పిన్ను పీకి నొక్కాను. తుస్సుమంది. ఇంకొకటి నొక్కితే ఆ తుస్సు కూడా లేదు. అంతలో ఆ అక్క తడి గోనెసంచి తెచ్చి మంట మీద బాదింది. సంచి జారిపోతే ఉత్త చేతులతోనే మండుతున్న పత్తిని కుప్ప నుంచి అవతలికి లాగింది. మేం తొట్టి నీళ్లు మోసి ఆర్పేసరికి ఆమె అరచేతులు రెండూ బొబ్బలెక్కాయి.

దవాఖానలో ఆమె నొప్పి ఊసే ఎత్తలేదు. "సారూ, ఈ సీజనుకు వేళ్లు వంగుతయా? పత్తి ఏరనీకె అయితదా?" అని మాత్రం డాక్టరును అడిగింది. ఆమెకు వేరే ఆధారం లేదు. సేటు వచ్చి, "దేవుని దయ, సరుకు దక్కింది" అన్నాడు. ఆమె చేతుల వంక చూడనైనా లేదు. ఛీ, మనిషేనా అనిపించింది.

పండుగ వెళ్లాక ఆమె స్థానంలో మరొకామెను పెట్టుకున్నాడు. సిలిండర్లను నింపించకుండానే తుడిచి, అవే మేకులకు తగిలించారు. కొత్తామె వాటిని చూపించి, ఎట్లా వాడాలని అడిగింది. కట్లు కట్టుకుని ఇంట్లో కూర్చున్న మనిషిని మెచ్చుకుంటున్నట్టు ముఖం పెట్టి సేటు చెప్పాడు.

"అవ్వి నీకెందుకు? నిప్పు గిన అంటుకుంటే గామె లెక్క ఉర్కి చేతులతోని లాగెయ్యాలె."