ఘాట్ రోడ్డు మీద ఏడు వారాలు

నాయన పోయి నెల దాటింది. పలకరించడానికి వచ్చిన స్నేహితురాలు ఒక కొత్త నవల చేతిలో పెట్టి, "చదువు, కాస్త మనసు మళ్ళుతుంది" అని చెప్పి వెళ్ళింది. మంచి నవలేనట. నాలుగు రోజులుగా నేను మొదటి పేజీలోనే ఉన్నాను. అక్షరాలు కనబడతాయి, మాటలు తెలుస్తాయి, వాక్యం చివరికి వచ్చేసరికి దాని మొదలు జారిపోతుంది. నాకిది మొదటిసారి కాదు. పదిహేడేళ్ళప్పుడు ఒకసారి ఇలాగే అయింది. అప్పుడు నాయన ఉన్నాడు.

నాయన తిరుపతి నుంచి కొండకు బస్సు నడిపేవాడు. మూడో తరగతితో బడి మానేసిన మనిషి. ఊళ్ళ పేర్ల బోర్డులు టక్కున చదివేవాడు. పేపరు పెద్దక్షరాలు కూడబలుక్కునేవాడు. అంతకన్నా చిన్న అక్షరాల జోలికి పోయేవాడు కాదు. అయినా వారం వారం బస్టాండులో నా కోసం వారపత్రిక కొని, ఖాకీ చొక్కా లోపల మడిచి పెట్టుకుని తెచ్చేవాడు. అందులో వచ్చే సీరియల్‌ని నేను వంటింటి గడప మీద కూర్చుని అమ్మకు పైకి చదివి వినిపించేదాన్ని. ఆ కథ హైదరాబాదులో ఒక పెద్ద బంగళాలో జరిగేది. వాళ్ళకు పియానో ఉండేది, రెండు కార్లు ఉండేవి. నాయన సంగటి తింటూ వినీ విననట్టు ఉండేవాడు. ఒకసారి మాత్రం తల ఎత్తి అడిగాడు. "ఆ ఇంట్లో ఎవురూ పనికి పోరా పాపా?"

డెబ్బైల చివర్లో, నేను ఇంటర్ రెండో ఏడు చదువుతుండగా, నాకు టైఫాయిడ్ వచ్చింది. మూడు వారాలు జ్వరం, ఆ తరువాత నెల రోజులు నీరసం. బార్లీ నీళ్ళు, సగ్గుబియ్యం గంజి. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి వచ్చేది. "కొండెక్కకుండానే మొక్కు తీర్చేస్తా ఉండావే" అని పక్కింటి అవ్వ నవ్వించబోయింది కానీ నాకు నవ్వే ఓపిక లేదు. జ్వరం వచ్చిన ఐదో రోజు నాయన పత్రిక తెచ్చి పక్కన పెట్టాడు. దాని సిరా వాసన కూడా పడలేదు. తెరిస్తే వరుసలు చీమల బారులా కదిలాయి. మూసేసి గోడవైపు తిరిగి, "నా పుస్తకాలన్నీ ఎవరికైనా ఇచ్చెయ్యమ్మా" అన్నాను. నిజంగానే అన్నాను. ఇక అవి నాకు అక్కర్లేదనే అనిపించింది. ఒకప్పుడు పుస్తకాల కోసం రెండు రోజులు అన్నం మానేసిన పిల్ల నోట ఆ మాట వచ్చేసరికి, నూట నాలుగు జ్వరానికి బెదరని నాయన, చొక్కా గుండీలు విప్పుకుంటున్నవాడు, అలాగే నిలబడిపోయాడని అమ్మ తరువాత చెప్పింది.

మర్నాడు డ్యూటీ దిగి రాగానే, ముఖం కూడా కడుక్కోకుండా మంచం పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు. పత్రిక ఒడిలో పెట్టుకున్నాడు. "బస్టాండులో కూసోని సదివినా. సెప్తా విను" అన్నాడు. కిందటి వారం కథానాయిక మొగుడి మీద కోపంతో బంగళా గేటు దాటి వెళ్ళిపోవడం దగ్గర ఆగింది. "కోపమొచ్చిన మనిసి యాడికి పోతాది? బస్టాండుకే పోతాది. ఆయమ్మ వచ్చి మన తిరప్తిలో కొండ బస్సెక్కింది" అన్నాడు. హైదరాబాదు కోపానికి తిరుపతి బస్సు ఎలా దొరికిందని నేను అడగలేదు. అడగడానికి తల పనిచెయ్యాలి కదా.

రోజూ కొంచెం కొంచెంగా చెప్పేవాడు. మధ్య మధ్యలో గుర్తొచ్చినట్టు ఒక పేజీ తిప్పేవాడు. ఆయమ్మ పక్క సీట్లో చంద్రగిరి ముసలమ్మ ఒకతె, ఒడిలో బొరుగుల మూటతో. ముసలమ్మకు నోరు ఆగదు.

"ఒక్కదానివే వచ్చినావేమ్మా?"

"మొక్కు ఉండాది."

"ఏం మొక్కు?"

"ఇంకా అనుకోలేదు."

ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. జ్వరం వచ్చాక అదే మొదటి నవ్వు. నాయన తలెత్తి చూసి, ఏమీ పట్టనట్టు మళ్ళీ పేజీ తిప్పాడు. అలిపిరి దాటడానికే ఆ బస్సుకు వారం పట్టింది. ఒక మలుపు దగ్గర రేడియేటరు కాగింది. ఇంకో మలుపులో ఒక పెళ్ళివారి పిల్ల వాంతి చేసుకుంది. గుండు చేయించుకుని దిగొచ్చిన ఒకాయన ఊరికి పోయే బస్సనుకుని మళ్ళీ కొండ బస్సే ఎక్కాడు, అందరూ ఆయన్ని తిట్టారు. ముప్పావు గంట ప్రయాణం ఏడు వారాలైనా పైకి చేరలేదు. "ఏందయ్యా నీ బండి, నడిచిపోయినోళ్ళు దర్శనం సేసుకోని దిగొచ్చినారు" అని అమ్మ వంటింట్లోంచి దెప్పేది. ఒక్కటి మాత్రం ఆ మత్తులోనూ గమనించాను. నాయన కథలో ఎవరి ముఖం ఎలా ఉందో చెప్పడం ఉండదు. చీర రంగు ఉండదు. మాటలే ఉంటాయి, ఏ మాట ఎవరిదో వినగానే తెలిసేది.

సెప్టెంబరులో కొండ మీద ఉత్సవాలు వచ్చాయి. డ్రైవర్లందరికీ వరసగా డ్యూటీలు. వారం రోజులు ఇంటికి రావడం కుదరదు. వెళ్ళేముందు నాయన కథను ఒక చోటికి తెచ్చి పెట్టాడు. కండక్టరు అందరికీ టికెట్టు కొట్టుకుంటూ వచ్చి ఆయమ్మను అడగకుండా దాటిపోయాడు. ఆమె పిలిచింది. "నీ టికెట్టు వెనక సీటాయన తీసేసినాడమ్మా" అన్నాడు కండక్టరు. వెనక ఎవరున్నారో ఆమెకు తెలిసిపోయింది. "తిరిగి సూడాల్నా వద్దా అని కూసోనుండాది" అని చెప్పి నాయన లేచి చొక్కా వేసుకున్నాడు.

రెండు రోజులు ఓర్చుకున్నాను. మూడో రోజు పొద్దున గంజి తాగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి ట్రంకుపెట్టె మీది ఏడు పత్రికలూ తెచ్చుకున్నాను. ఆమె వెనక్కి తిరిగిందో లేదో, అదొక్కటే నాకు కావలసింది. ఆఖరుది తెరిచాను. బస్సు లేదు. కథానాయిక స్నేహితురాలి బంగళాలో మల్లెపందిరి కింద కూర్చుని ఉంది. దానికి ముందుది చూశాను. లేదు. ఎక్కడో నేనే తప్పుగా చూస్తున్నానని మొదటి పత్రిక నుంచి వరుసగా, వాక్యం వదలకుండా చదివాను. గేటు బయట కారు వచ్చి ఆమెను ఎక్కించుకు పోయింది. ముసలమ్మ లేదు, బొరుగులు లేవు, కండక్టరు లేడు. చందమామ లాంటి ముఖం, నీలాల్లాంటి కళ్ళు మాత్రం పేజీకి నాలుగుసార్లు ఉన్నాయి. "అన్నం సల్లారిపోయింది. పొద్దున్నించీ తల ఎత్తలేదు నువ్వు" అని అమ్మ వచ్చి నిలబడితే గానీ, నేను చదువుతున్నానని నాకు తెలియలేదు. ఏడు పత్రికలూ అయిపోయాయి. ఒక్క వాక్యమూ జారిపోలేదు.

ఉత్సవాలు అయ్యాక నాయన వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడుగు లోపల పెట్టాడో లేదో అడిగాను.

"నాయనా, ఆయమ్మ వెనక్కి తిరిగి చూసిందా?"

ఆయన నా ఒళ్ళోని పత్రికలు చూశాడు. దొరికిపోయినవాడి నవ్వు ఒకటి నవ్వి, "నాకేం తెలుసు? బండి నడిపేవాడు ముందుకి సూడల్ల గానీ వెనక్కి సూస్తాడా?" అన్నాడు. తరువాత నెమ్మదిగా అడిగాడు. "అన్నీ సదివినావా?"

"ఏడూ చదివినా."

"మేయ్, విన్నావా? పాప ఏడూ సదివేసిందంట!" అని అమ్మను కేకేసి, చెప్పులు కూడా విప్పకుండా మళ్ళీ వీధిలోకి వెళ్ళాడు, పక్కింటి అవ్వకు చెప్పడానికి.

ఆ తరువాత నేను ఎంత బతిమాలినా కథ కొనసాగించలేదు. "ఇంక నీ కళ్ళు నీకుండాయి, సదువుకో పో" అనేవాడు. ఉద్యోగంలో చేరాక ఒకసారి, కథలు రాయడం మీద ఎవరో గొప్పగా చెప్పిన పాఠం విని వచ్చి, నువ్వు చెప్పిన కథ అంతకన్నా బాగుందని ఆయనతో అన్నాను. "అది కతేంది పాపా, రోజూ నా ఈపు వెనక జరిగేదే కదా" అన్నాడు. అన్నాడే గానీ, ఆ సాయంత్రమంతా చాలా హుషారుగా ఉన్నాడు.

నన్ను చూసి ఆయన గర్వపడటానికి ఏడు వారపత్రికలు సరిపోయాయి. ఆయన్ని చూసి నేను గర్వపడటానికి ఇరవై ఏళ్ళ చదువు కావలసి వచ్చింది. అప్పటిదాకా కాలం ఆయన్ని నా దగ్గర ఉంచింది.