మామగారి పేరు మూడుసార్లు

డిగ్రీ పూర్తయ్యాక నాకు మొదటి ఉద్యోగం చేపల మేత అమ్మే ఒక కంపెనీలో వచ్చింది. ఏలూరు ఆఫీసులో కూర్చుని కొల్లేరు చుట్టుపక్కల చెరువుల రైతులకు ఫోను చేసి, నీళ్ళ సంగతి, మేత సంగతి కనుక్కోవడం పని. అంతకు ముందు మూడు వారాల ఇండక్షన్ శిక్షణ తాడేపల్లిగూడెంలో జరిగింది. స్టేషనుకు దగ్గరలో ఒక ఫంక్షన్ హాలు పై అంతస్తును కంపెనీ అద్దెకు తీసుకుంది. కింద పెళ్ళి ఉన్న రోజున మా తరగతిలోకి సన్నాయి వినిపించేది. కిటికీలు మూసి ఏసీ పెంచేవారు.

శిక్షణ ఇచ్చే ఆయన హైదరాబాదు నుంచి వచ్చారు. వయసు నలభైకి లోపు. మొదటి రోజే ఒక నియమం చెప్పారు. రైతుతో మాట్లాడే ప్రతి కాల్‌లోనూ ఆయన పేరు మూడుసార్లు వినిపించాలి. పేరు పెట్టి పిలిస్తే మనిషికి దగ్గరవుతామట. కాల్ రికార్డవుతుంది, పేరు వచ్చినప్పుడల్లా తెర మీద ఒక పచ్చ చుక్క వెలుగుతుంది. మూడు చుక్కలు రాకపోతే ఆ కాల్ తప్పినట్టే. ఆఖరి రోజున ఒక పరీక్ష కాల్ ఉంటుంది. అందులో తప్పినవాళ్ళకు నియామక పత్రం రాదు.

నేను కాలేజీలో మూడేళ్ళు డిబేట్ టీములో ఉన్నాను. ఏ నియమం విన్నా దానికి ఆధారం ఏమిటని అడగకుండా ఉండలేను. అడిగాను. "పేరు పెట్టి పిలిస్తే ఇక్కడ పెద్దవాళ్ళు దగ్గరవుతారా, దూరమవుతారా? ఎవరైనా కనుక్కున్నారా అండీ?"

ఆయన కోపగించుకోలేదు. "మంచి ప్రశ్న. కానీ ఇక్కడ వాదనలుండవమ్మా. స్క్రీన్ చెప్పిందే మార్కు," అన్నారు.

మర్నాడు నా మొదటి కాల్‌లో ఉంగుటూరు వైపు రైతు ఒకాయన్ని మూడుసార్లు పేరు పెట్టి పిలిచాను. మూడోసారికి ఆయన, "ఏమ్మా, మీ నాన్నని కూడా ఇలాగే పేరెట్టి పిలుస్తావా?" అని ఫోను పెట్టేశారు. తెర మీద మూడు పచ్చ చుక్కలు వెలిగాయి. నాకు పూర్తి మార్కులు వచ్చాయి.

నా పక్క కుర్చీలో కూర్చున్న అమ్మాయిది కొల్లేటికోట. ఉంగుటూరులో కాపురం. పెళ్ళై ఆరు నెలలైంది. వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. రోజూ ఉదయం ఆమె మామగారు మోటారు సైకిలు మీద తీసుకొచ్చి దింపేవారు, సాయంత్రం మళ్ళీ వచ్చి కింద నిలబడేవారు. ఉద్యోగం మానేద్దామని ఆమె ఒకసారి అంటే, "ఇంత చదివి పొయ్యి దగ్గర కూర్చుంటావా అమ్మా" అన్నది కూడా ఆయనేనట. భర్త అభ్యంతరం పెట్టలేదు గాని, బండి తీసింది మామగారు.

ఆమెకు మార్కులు ఒక తీరున వచ్చేవి కావు. పది కాల్స్ చేస్తే ఏడింటికి పూర్తి మార్కులు, మూడింటికి సున్నా. ఆ మూడింటిలో ఆమె మాట తడబడదు, వివరం తప్పదు, ఆమె నోట పేరు మాత్రం ఒక్కసారి కూడా రాదు. "బాబాయ్ గారూ" అనో "ఏవండీ" అనో గడిపేసేది. శిక్షకుడు ఆమె మరిచిపోతోందనుకుని తెర పక్కన ఒక ఎర్ర కాగితం అంటించారు, 'పేరు!' అని రాసి.

రెండో వారంలో మమ్మల్ని ఒక మినీ బస్సులో కొల్లేటికోట తీసుకెళ్ళారు. చెరువుల గట్ల మీద నడిపించి, రంధ్రాలు పొడిచిన మేత సంచులను నీళ్ళలో గెడలకు ఎలా కడతారో, చేపలు ఆ రంధ్రాల దగ్గరకు వచ్చి ఎలా తింటాయో చూపించారు. మేము బూట్లు బురదలో దిగబడకుండా చూసుకుంటుంటే ఆమె చెప్పులు చేత పట్టుకుని ముందు నడిచింది. ఒక చెరువు దగ్గర ఆగి, నీళ్ళు చూసి, "ఇది రెండు రోజుల్లో ఇబ్బంది పెడుతుందండీ" అంది. శిక్షకుడు పరికరం పెట్టి పరీక్షించారు. అంకెలు చూసి ఆ చెరువు నంబరు రాసుకున్నారు.

గట్టు మీద సంచులు కడుతున్న పెద్దాయన ఆమెను గుర్తుపట్టారు.

"ఏవమ్మా, మనూరి పిల్లవే కదూ! ఎక్కడిచ్చారు నిన్ను?"

"ఉంగుటూరండీ."

"ఎవరింటికి?"

"రైసు మిల్లు వెనకాల, పెద్ద డాబా ఉంటుంది చూడండి, దాని పక్కిల్లండీ."

"అదేటమ్మా, మనిషినడిగితే డాబా చెబుతావు?" అని ఆయన నవ్వారు. అంతలో ఏదో తట్టినట్టు, "ఆఁ, సర్లే సర్లే," అని పని చూసుకున్నారు. ఆయనకు అర్థమైంది. నాకు కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. ఆమె దాచకుండా చెప్పింది. ఆ సున్నా మార్కుల కాల్స్ అన్నీ ఒకే పేరున్న రైతులవి. ఈ ప్రాంతంలో వీధికి ఇద్దరికైనా ఉండే పేరు. అది ఆమె మామగారి పేరు.

"అంటే, మీ అత్తగారు అనొద్దన్నారా?"

"అబ్బే, ఆవిడేం అనలేదండీ."

"మరి? అంటే ఏమవుతుంది?"

"ఏం కాదండీ. నాకూ తెలుసు."

"తెలిసి కూడా అనకపోవడం తర్కానికి నిలబడదు కదండీ. ఫోనులో ఉన్నది మీ మామగారు కాదు. ఆ పేరున్న మరో మనిషి."

"మీరు చెప్పింది నిజమేనండీ," అంది, కిటికీ వైపు చూస్తూ. "నోరు రాదు. అంతే."

డిబేట్‌లో అవతలి పక్షం మన వాదన ఒప్పుకుంటే పోటీ ముగిసినట్టు. ఆమె ఒప్పుకుంది, అయినా ఏదీ ముగియలేదు. ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర మా అమ్మను అడిగాను, నాన్న పేరు ఎప్పుడైనా పలికావా అని. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబం. ఇలాంటి పట్టింపులు మాకు లేవని నేను అనుకునేదాన్ని.

"పలికానే. పెళ్ళిలో ప్రమాణం చేసేటప్పుడు. పాస్టరు గారు పలికించారు."

"తర్వాత?"

అమ్మ ఆలోచించింది. "తర్వాత అవసరమేముంది? 'ఏవండీ' అంటే పలుకుతారుగా," అంది. నాన్న తల ఎత్తకుండా, "పిలవకపోయినా పలుకుతాను," అన్నారు.

ఇన్నేళ్ళూ నేనది గమనించలేదు. ఇప్పుడు గమనించినా అది నన్ను వాదన నుంచి ఆపలేదు, నాకు మరొక ఆధారాన్ని మాత్రమే ఇచ్చింది.

మూడో వారం మొదటి రోజున శిక్షకుడు మార్కుల పట్టిక తెర మీద చూపిస్తూ, ఆమె పేరు దగ్గర ఆగి, ఇలాగే సాగితే ఆఖరి కాల్ కష్టమన్నారు. నేను లేచి నిలబడ్డాను. నాలుగు నిమిషాలు మాట్లాడాననుకుంటాను. ఒక ఉద్యోగికి ఏదైనా పని చేతకాకపోవడం వేరు, ఆమె పెరిగిన పద్ధతి ఒక మాటకు అడ్డుపడడం వేరు అన్నాను. చేతకానితనానికి వేసే శిక్షను పెంపకానికి వేయడం అన్యాయమన్నాను. మా అమ్మను ఉదాహరణగా చెప్పాను. ఆమె మామగారి పేరును ఆ హాలులో, ఇరవై ఐదు మంది ముందు, నాలుగుసార్లు పలికాను. వాదనకు స్పష్టత అవసరం కనుక పలికాను.

వెనక వరుసలో ఒకతను, "అయితే వాళ్ళ మావగారికి ఫోన్ చెయ్యాలంటే ఎలాగండీ, డాబా పక్కిల్లు గారూ అనాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది ఎలాంటి నవ్వో నాకు కనిపించే దూరంలోనే కూర్చుంది.

శిక్షకుడు మాత్రం నవ్వలేదు. ఆయన మనసు మంచిదే. "చాలా బాగా చెప్పావు. ధైర్యంగా మాట్లాడావు," అని నాకు పట్టికలో అదనపు మార్కు వేశారు. తర్వాత ఆమె వైపు తిరిగి, "దీన్ని మనం దాటాలమ్మా. నీ ఆఖరి కాల్ ఆ పేరున్న రైతుకే ఇస్తాను. నేను పక్కనే కూర్చుంటాను. ఒక్కసారి అనేస్తే భయం పోతుంది," అన్నారు.

అంతవరకు ఆమెకు ఆఖరి కాల్‌లో మరేదైనా పేరు వచ్చే అవకాశం ఉండేది. నా నాలుగు నిమిషాల తర్వాత అది పోయింది.

మధ్యాహ్నం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని బాక్సులు తెరిచాం. ఆమె చేపల పులుసు నా మూతలోకి కాస్త వంపింది, రోజూ లాగే.

"బాగా మాట్లాడారండీ," అంది.

నేను ఏదో అనబోయాను.

"కాదండీ, నిజంగానే. అంత బాగా నాకు రాదు. కాకపోతే నన్నొక్కసారి అడిగుంటే బాగుండేది." తర్వాత, "తినండి, చల్లారిపోతుంది," అంది.

ఇది బయట చెప్పవద్దని ఆమె నాకు బస్సులో చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉంటుందని ఆమెకు తోచి ఉండదు.

ఆఖరి రోజున నా కాల్ ముందే అయిపోయింది. గట్టెక్కాను. ఆమె వంతు వచ్చేసరికి మేమంతా ఊరికే కూర్చుని ఉన్నాం. శిక్షకుడు కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నారు. ఫోను అందరికీ వినిపించేలా స్పీకర్ పెట్టారు.

"నమస్కారమండీ. మేత కంపెనీ నుంచి మాట్లాడుతున్నామండీ. ఎవరండీ మాట్లాడేది?"

అటునుంచి ఒక పెద్దాయన గొంతు తన పేరు చెప్పింది. తెర మీద ఒక పచ్చ చుక్క వెలిగింది.

శిక్షకుడు తెర వైపు చూశారు. నేనూ చూశాను. మూడు వారాలుగా మేమందరం రైతు పేరును మేమే ముందు అనేసేవాళ్ళం. ఆయన నోటి నుంచి వచ్చినా చుక్క వెలుగుతుందని మాలో ఎవరమూ కనిపెట్టలేదు. ఆమె తన సున్నాలను ఒకటొకటిగా చూసుకుంటూ, ఏదో ఒక కాల్‌లో కనిపెట్టి ఉంటుంది.

"ఆయ్, బాబాయ్ గారూ. చెరువు మీ పేరునే ఉందాండీ? రాసుకుంటున్నాను, ఇంటిపేరుతో సహా ఒక్కసారి చెప్పండి."

ఆయన విడివిడిగా, గంభీరంగా చెప్పారు. రెండో చుక్క.

"నీళ్ళు ఏ రంగులో ఉన్నాయండీ?"

"పచ్చగానే ఉన్నాయమ్మా. కాస్త చిక్కగా."

"పొద్దున్నే చేపలు పైకి తేలుతున్నాయాండీ?"

"నిన్నా ఇవాళా తేలాయి. అదే భయంగా ఉంది."

"మబ్బుగా ఉంది కదండీ, అందుకని. ఈ రెండు రోజులూ మేత సగం చేయండి బాబాయ్ గారూ. ఎండ వచ్చాక మళ్ళీ పెంచుదురుగాని. మా వాళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళి చూస్తారు."

మేత అమ్మే కంపెనీ తరఫున మేత తగ్గించమని చెప్పడం స్క్రిప్టులో లేదు. శిక్షకుడు పెన్ను ఎత్తి, మళ్ళీ దించారు.

"పుణ్యముంటుందమ్మా. పంపించు."

"గట్టు మీదికొచ్చి ఎవర్నడగమంటారండీ?"

"ఎవర్నడిగినా చెబుతారమ్మా," అని, తన పేరు చెప్పి, ఫలానా వారి చెరువేదని అడగమన్నారు. మూడో చుక్క వెలిగింది. ఫోను పెట్టేముందు ఆయనే అన్నారు, "మళ్ళీ నువ్వే చెయ్యమ్మా. ఇందాకొకమ్మాయి చేసింది, పేరెట్టి పిలవడమే సరిపోయింది."

ఆ ఇందాకటి అమ్మాయిని నేను కాదు. అయితే, నేను కాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు.

శిక్షకుడు, "నువ్వు ఒక్కసారి కూడా అనలేదు," అన్నారు.

"లేదండీ. ఆయనే అన్నారండీ."

"అనాల్సింది నువ్వు."

ఆమె తెర చూపించింది. "స్క్రీన్ చెప్పిందే మార్కన్నారు కదండీ."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయన చెప్పినది ఆయనకు మర్యాదగా గుర్తు చేసింది. నాకు లేవాలనిపించింది. నా దగ్గర సిద్ధంగా మూడు వాదనలున్నాయి, మూడూ ఆమె పక్షానివే. ఈసారి కూర్చునే ఉన్నాను. ఆయన తెర మీది చుక్కలు మరోసారి లెక్కపెట్టి, మార్కుల కాగితం మీద సంతకం చేశారు. సాయంత్రానికి ఆమె చేతికి నియామక పత్రం వచ్చింది. మరుసటి బ్యాచికి ఇచ్చిన నియమాల కాగితంలో 'పేరును ఉద్యోగే పలకాలి' అని ఒక కొత్త వాక్యం చేరిందని తర్వాత విన్నాను.

మేము కిందికి దిగేసరికి ఆమె మామగారు బండి దగ్గర నిలబడి ఉన్నారు. కింద పెళ్ళివారి కుర్చీలు దించుతున్నారు.

"ఏమ్మా, అయ్యిందా?"

"అయ్యిందండీ. వచ్చేసింది," అని ఆమె కవరు చూపించింది. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తెరవకుండానే తిరిగి ఇచ్చారు. తర్వాత నా వైపు చూశారు.

"ఏం పరీక్ష పెట్టారమ్మా? రెండు రోజులనించి అన్నం సరిగా తినట్లేదు. అడిగితే చెప్పదు. నువ్వన్నా చెప్పు."

ఆమె హెల్మెట్ పట్టీ సరిచేసుకుంటోంది. నా వైపు చూడలేదు.

"ఒక రైతు గారికి ఫోను చేయించారండీ. చెరువు సంగతి కనుక్కోవాలి," అన్నాను.

"అంతేనా! దానికి మూడు వారాలా?" అని ఆయన నవ్వి బండి స్టార్ట్ చేశారు. ఆమె వెనక కూర్చుంది. "ఏలూరు నుంచి అటు వస్తే మా ఇంటికి రామ్మా. రైసు మిల్లు దగ్గర నా పేరు చెప్పి అడుగు, ఎవరైనా చూపిస్తారు," అని పేరు చెప్పారు.

"సరేనండీ," అన్నాను.