ముందు వరసలో మెత్త

నాకు ముక్కు మీదే కోపం అంటారు మా ఇంట్లో అందరూ. అననివ్వండి. మా వదినకి కోపమన్నదే రాదు. ఆవిడ పడాల్సిన కోపం కూడా నేనే పడాల్సొస్తోంది, ఇద్దరి కోపం ఒక్కర్తి మీద పడితే ఇలాగే ఉంటుంది.

వదినంటే మా అన్నయ్య భార్య. పాతికేళ్ళకి పైనే విహార పడవ మీద పనిచేసింది. పొద్దున్నే రేవులో బయల్దేరి, మూడు దీవులు చుట్టి, మధ్యాహ్నం భోజనాల వేళకి తిరిగొచ్చే పడవ అది. ‘ఒక పూట సుఖం’ అని దాని పక్కన ఇంతింత అక్షరాలతో రాసి ఉంటుంది. సుఖమంతా ఎక్కినవాళ్ళకే లెండి. వాళ్ళు విప్పిన చెప్పులు బుట్టలో సర్దడం, పళ్ళు కోసి పెట్టడం, నిచ్చెన దించడం, ఇసక కాళ్ళ మీద మంచినీళ్ళు పొయ్యడం, కక్కుకునేవాళ్ళ వీపు రాయడం, చివర్లో అందరూ ఎక్కారో లేదో తలలు లెక్కపెట్టడం, ఇదంతా వదిన పని.

పడవలో జనం ఉన్నంతసేపూ పనివాళ్ళు కూర్చోకూడదని ఓనరు పెట్టిన నియమం. వెనక ఇంజను పక్కన ఒక ఇనప స్తంభం ఉంది. వదిన దానికి వీపు ఆనించి నిలబడేది. సరిగ్గా ఆవిడ వీపు ఆనేచోట ఆ స్తంభానికి రంగు పోయింది. ఏటా రంగు వేయిస్తారు, ఏటా అక్కడే పోతుంది.

నాది బజారులో కుట్టు దుకాణం. ఆ పడవ మెత్తలకి తొడుగులు కుట్టేది నేనే. ముక్కూ మొహం తెలియని వాళ్ళు కూర్చుని, ఒంటికి రాసుకున్న నూనెంతా పులిమి పాడుచేసిన తొడుగులు విప్పి కొత్తవి వేస్తుంటాను. మా ఇంటి మనిషి ఒక్కనాడూ వాటి మీద కూర్చున్న పాపాన పోలేదని తల్చుకుంటే ఒళ్ళు మండిపోయేది. ఆ మంటంతా కుట్టు మిషను మీద చూపించేదాన్ని.

చివరికి వదిన మోకాళ్ళు అరిగిపోయాయి. నిచ్చెన ఎక్కలేక, దిగలేక పని మానేసింది. రేవులో అందరినీ నిలబెట్టి ఓనరు ఏదో మాట్లాడాడు, చప్పట్లు కొట్టించాడు, ఒక కవరు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి విప్పితే ఏముంది? రెండు టికెట్లు. అదే పడవకి, అదే మూడు దీవులకి.

“జీవితమంతా బస్సు నడిపినవాడికి అదే బస్సులో ఊరి చివరిదాకా టికెట్టిచ్చినట్టుంది. వెళ్ళి వాళ్ళ మొహాన కొట్టి రా,” అన్నాను.

అన్నయ్య పకపకా నవ్వాడు. ఆయనకి నీళ్ళ తొట్టి చూసినా కళ్ళు తిరుగుతాయి. పడవ మనిషిని చేసుకుని ఇన్నేళ్ళలో ఒక్కసారీ పడవెక్కలేదు. “నా టికెట్టు నువ్వు తీసుకోవే, నీ నోరుంటే మీ వదినకి తోడుగా ఉంటుంది,” అన్నాడు.

“నేను చచ్చినా ఎక్కను,” అన్నాను.

అప్పుడు వంటింట్లో గిన్నెలు తుడుస్తున్న వదిన, ఇటు తిరక్కుండానే అంది. “నాకు వెళ్ళాలనే ఉందే.”

“ఎందుకూ? నువ్వు చూడని దీవులా అవి?”

“చూశాను. ఎప్పుడూ వెనక నుంచుని, దీవి వెనక్కి వెళ్ళిపోతుంటే చూశాను. దగ్గరికొచ్చే వేళకి తాడనీ, నిచ్చెననీ వంగునే ఉంటాను కదా. ముందు వరసలో కూర్చుంటే దీవి మనకి ఎదురొస్తుందటే. జనమంతా అబ్బా అంటారు. ఆ అబ్బా వినడమే గానీ ఎందుకంటారో నేనెప్పుడూ చూళ్ళేదు. ఒక్కసారి చూడాలి.”

ఇన్నేళ్ళలో వదిన నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం నేను వినలేదు. ఇంక చచ్చినట్టు ఎక్కుతానన్నాను. మర్నాడు దుకాణం కట్టేసి ఆవిడని బజారుకి లాక్కెళ్ళి కొత్త చెప్పులు కొనిపించాను. పడవ మీద ఎప్పుడూ వట్టి కాళ్ళతో తిరిగిన మనిషి. బకిల్సున్న చెప్పులు వేసుకుని ఇంట్లోనే గోడ పట్టుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది.

పడవెక్కే రోజు రేవులో మేనేజరు ఎదురొచ్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, “ఇవాళ మీరు మా అతిథి ఆంటీ,” అన్నాడు. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టాడు. వదిన చెప్పులు విప్పితే బుట్టలో పెట్టినవాడు కొత్తగా చేరిన పనివాడు. ఏదో పెద్ద హోటల్లో వడ్డనలు చేసి వచ్చాడట, అందరూ హోటలాయన అనే పిలుస్తున్నారు. వాడికి పని నేర్పింది వదినే. వదిన మెత్త మీద కూర్చోవడం చూడాలి మీరు. సగం ఒళ్ళే ఆనించింది, తక్కిన సగం కాళ్ళ మీదే ఉంది.

“పూర్తిగా కూర్చో వదినా. అది విరిగిపోదు, కుట్టింది నేను,” అన్నాను.

నవ్వి, వెనక్కి జరిగి, చేరబడింది. ఎండకి పెట్టుకున్న గడ్డి టోపీ సర్దుకుంది. పడవ కదిలింది. మొదటి దీవి ఇంకా గీతలా కనబడుతోంది. వదిన మెడ సాచి అటే చూస్తోంది. ఆ మొహం చూసి, ఓనరుని తిట్టిన తిట్లలో ఒకటి రెండు వెనక్కి తీసుకుందామా అనుకున్నాను కూడా.

అంతలో హోటలాయన వచ్చాడు. “అక్కా, అనాసపండు కోసే కత్తి ఎక్కడుంది?”

“ఐసు పెట్టె కిందుంటుంది,” అంది వదిన.

“కనబళ్ళేదక్కా.”

“ఒక్క నిమిషమే,” అని లేచింది. ఆ నిమిషం మీకు తెలిసిందేగా. కత్తి తీసింది, వాడు కోసే తీరు చూళ్ళేక తానే కోసింది, కోసినవి పంచింది. ఈలోగా దీవి ఎదురొచ్చింది, జనం అబ్బా అన్నారు, పక్కనుంచి దాటిపోయింది. ఆ దీవిలో దిగేది లేదు, చుట్టి వెళ్ళడమే. వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేసరికి అది వెనకుంది.

“పోనీలే, ఇంకా రెండున్నాయిగా,” అంది. నేను పళ్ళు నూరాను.

రెండో దీవి దగ్గరపడుతుండగా వెనక వరసలో ఒక పిల్లకి కడుపులో తిప్పింది. ఆ తల్లి ఇదివరకోసారి వచ్చినట్టుంది, వదినని చూసి గుర్తుపట్టింది. “నువ్వు ఈ పడవ మనిషివే కదూ, ఇలా రా, దీన్ని కాస్త పట్టుకో.”

“ఆవిడ ఇవాళ మీలాగే టికెట్టు మీద వచ్చిందమ్మా,” అన్నాను నేను, గొంతు తగ్గించకుండానే.

“అయితే ఏం, అలవాటున్న చెయ్యి కదా,” అంది ఆ మహాతల్లి, ఉన్నచోటి నుంచి కదలకుండా.

నేను ఇంకో మాట అనేలోపే వదిన లేచి వెళ్ళిపోయింది. పిల్ల వీపు రాసింది, మొహం కడిగింది, నిమ్మ చెక్క వాసన చూపించింది. పిల్లని తిట్టి ఏం లాభం, దాని మొహం పాలిపోయి ఉంది. తల్లిని మాత్రం వదిన తిరిగొచ్చేదాకా చూపులతోనే దులిపేశాను. రెండో దీవి కూడా అలాగే అయిపోయింది. పడవ అక్కడ కాసేపాగింది, అందరూ పైనుంచే చేపలు చూశారు, బయల్దేరాం.

మూడోది పెద్దది. అక్కడే దిగడం, ఇసకలో తిరగడం, స్నానాలు. ఈసారి నేను వదిన చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. తెల్లటి ఇసక సన్నగా కనబడుతుండగా వెనకనుంచి ఠంగున చప్పుడైంది. హోటలాయనకి నిచ్చెన కొక్కెం పడటం లేదు. వదిన చెయ్యి నా చేతిలో మెలితిరిగింది.

“వదలవే. వాడు దాన్ని నీళ్ళలో పడేస్తాడు.”

“పడెయ్యనీ.”

“జనం ఎలా దిగుతారు?” అని వదిలించుకుని వెళ్ళింది. నిచ్చెన తగిలించి నడుము ఎత్తేసరికి పడవ ఇసకని ఆనుకుని ఉంది.

“చూశావా?” అన్నాను.

“ఏమిటీ?”

“దీవి.”

“అయ్యో, వచ్చేశామా,” అంది.

దిగాం. వదిన అంచున నిలబడి మోకాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంది. ఈల వెయ్యగానే అందరికన్నా ముందెక్కి, బిందె పట్టుకుని నిచ్చెన దగ్గర నిలబడి, ఎక్కేవాళ్ళ కాళ్ళ మీద నీళ్ళు పోసింది. అప్పటికి నేను అలిసిపోయాను, తిట్టి తిట్టి నోరు కూడా ఎండిపోయింది.

హోటలాయన తలలు లెక్కపెట్టాడు. ఆగాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మొహం మాడిపోయింది. “అక్కా, మేనేజరు చెప్పినదానికి ఒకరు తక్కువ.”

ఆ మాట పడవ వాళ్ళకి పిడుగే. మనిషిని దీవిలో వదిలేసి రావడం కన్నా పెద్ద తప్పు ఆ పనిలో లేదు. లెక్క కుదిరేదాకా పడవ కదలదు. వదిన బిందె కింద పెట్టి తాను లెక్కపెట్టింది. ఒకరు తక్కువే. సరంగు, అంటే పడవ నడిపే ముసలాయన, లేచొచ్చి లెక్కపెట్టాడు. ఆయనకీ ఒకరు తక్కువే.

అంతే, వదిన నిచ్చెన దిగిపోయింది. ఆ మోకాళ్ళతోనే. వెనకాల హోటలాయన. ఇద్దరూ చెట్లలోకీ, రాళ్ళ వెనక్కీ పోయి కేకలు పెడుతున్నారు. ఎవరండీ, ఎవరున్నారండీ, అని వదిన గొంతు బొంగురుపోతోంది. పడవలో జనం గునుస్తున్నారు. ఒకాయన భోజనానికి ఆలస్యమవుతోందన్నాడు. అలవాటున్న చెయ్యి అన్న మహాతల్లి, “ఎవరో గానీ బొత్తిగా బాధ్యత లేని మనిషి,” అంది.

నాకూ ఆ తప్పిపోయిన మనిషి మీద అంతకంతకీ మండుతోంది. నా వదిన సుఖమంతా గంగపాలు చేసిన ఆ శాల్తీ ఎవరో దొరికితే చెప్పు తీసుకుందామనే ఉంది. ఎవరి సీటు ఖాళీగా ఉందా అని లేచి నిలబడి చూశాను. ఎన్ని మెత్తలు కుట్టానో, ఏ వరసలో ఏ రంగు వేశానో నాకు తెలీదా? వెనక వరస నిండుగా ఉంది. మధ్య వరసలు నిండుగా ఉన్నాయి. ఖాళీ మెత్త పడవ మొత్తంలో ఒక్కటే. ముందు వరసలో, నా పక్కన. దాని మీద గడ్డి టోపీ ఉంది.

ఆ టోపీ వంక రెండుసార్లు చూశాను.

తర్వాత అరిచాను. రేవుదాకా వినబడి ఉంటుంది. “వదినా, వచ్చెయ్. వాళ్ళు వెతికేది నిన్నే.”

నడుందాకా తడిసి, రొప్పుతూ వచ్చింది. నేను టోపీ చూపించాను. హోటలాయన నీళ్ళు నమిలాడు. “నువ్వే కదక్కా చెప్పావు, సరంగూ నువ్వూ నేనూ, మన ముగ్గుర్నీ వదిలేసి మిగతావాళ్ళని లెక్కపెట్టమని.”

“అవును, నేనే చెప్పాను,” అంది వదిన.

సరంగు తల గోక్కున్నాడు. “నేనూ అలాగే లెక్కపెట్టాను చెల్లెమ్మా.”

“వాళ్ళ సంగతి సరే,” అన్నాను. “నువ్వూ లెక్కపెట్టావు కదా వదినా. నిన్ను నువ్వెలా వదిలేశావు?”

“నన్ను నేనెప్పుడూ వేసుకోలేదే,” అంది.

పడవంతా ఘొల్లున నవ్వింది. బాధ్యత లేని మనిషి ఎవరో తేలినందుకు ఆ మహాతల్లి అందరికన్నా గట్టిగా నవ్వింది. వదిన కూడా నవ్వింది. నేను నవ్వలేదు. నా మొహం చూసింది, టోపీ వంక చూసింది, ఆవిడ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

వెనక స్తంభం వైపు రెండడుగులు వేసింది. నిలబడింది. తిరిగి ముందుకొచ్చింది. టోపీ తీసి తలకి పెట్టుకుని, నీళ్ళోడుతున్న బట్టలతోనే మెత్త మీద కూర్చుంది. ఈసారి పూర్తిగా.

“అక్కా, మెత్త తడిసిపోతుంది,” అన్నాడు హోటలాయన.

“తడవనీ,” అంది వదిన. నేను అనబోయిన మాటే. నాకంటే ముందు ఆవిడ అనడం అదే మొదలు.

ఇంక దీవులు లేవు. తిన్నగా ఇంటికే. దారంతా వదిన ఎదుటికే చూసింది. వెనకనుంచి ఒకరిద్దరు ఏదో అడిగారు, తల తిప్పలేదు. దూరంగా మా ఊరు కనబడింది. నీళ్ళ ట్యాంకు, తర్వాత బజారు కప్పులు, తర్వాత రేవు మెట్లు ఒక్కొక్కటే పెద్దవవుతూ వచ్చాయి.

“ఎదురొస్తే ఇలా ఉంటుందన్నమాట,” అంది.

రేవు మెట్ల మీద మేనేజరు నిలబడి ఉన్నాడు. చేతుల్లో పళ్ళెం, దాని నిండా చుట్టలు చుట్టిన చల్లటి తువ్వాళ్ళు. దిగేవాళ్ళకి మొహం తుడుచుకోడానికిస్తారు అవి. ఇన్నేళ్ళూ ఆ పళ్ళెం పట్టుకుంది మా వదినే. పడవ ఆగీ ఆగకముందే, ఆలస్యం ఎందుకైందని కూడా అడక్కుండా, మా ముందు వరస వైపు ఆ పళ్ళెం చాచాడు.

“ఆంటీ, కాస్త ఇది పట్టుకోండి, జనం దిగుతారు.”

నాకు నెత్తురు నెత్తికెక్కింది. నోరు తెరవబోయాను. వదిన నా మోకాలి మీద చెయ్యేసి నొక్కింది.

“నేనింకా దిగలేదు బాబూ,” అంది.

ఆ పళ్ళెం అలా గాల్లోనే ఉండిపోయింది. జనమంతా దిగారు, తువ్వాళ్ళు తీసుకున్నారు, వెళ్ళిపోయారు. వదిన కూర్చునే ఉంది. హోటలాయన బుట్టలోంచి కొత్త చెప్పులు తెచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. ఒక్కో బకిలూ తీరిగ్గా పెట్టుకుని, నా భుజం పట్టుకుని లేచి, మెట్టెక్కింది. పళ్ళెంలోంచి ఒక తువ్వాలు తీసుకుంది. మొహం, మెడ, చేతులు తుడుచుకుని, నలిగిన తువ్వాలు మళ్ళీ మేనేజరు పట్టుకున్న పళ్ళెంలోనే పెట్టి, ఇంటి దారి పట్టింది.