జీపీఎస్‌లో మా పడవ నేల మీద ఉంది

పోయిన నెల మంచులో, గోదావరి సముద్రంలో కలిసే మొగ కనపడక మా పెదనాన్నగారు పొద్దెక్కేదాకా నీళ్ల మీదే తిరిగారు. అందుకే ఈ రోజు అంతర్వేదిలో ఆయన తెరచాప పడవకి జీపీఎస్ బిగించాం. పటం బాగా కనిపించాలని పెద్ద తెర ఉన్నది నేనే ఎంచాను. తెరచాప కొయ్యకి పెడితే తాళ్లు తగులుతున్నాయని చుక్కాని పక్కన బిగించి, ఎండ పడకుండా పైన తాటాకు కట్టాం.

ఒడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్లి ఆన్ చేస్తే, పడవ గుర్తు నేల మీద నిలబడింది. మా చుట్టూ నీళ్లే. రెండుసార్లు ఆపి మళ్లీ పెట్టాను. అక్కడే ఉంది.

"పటం తప్పండి, పెదనాన్నగారూ."

ఆయన తొంగి చూశారు. "తప్పేం కాదమ్మా. ఇక్కడ మా నాన్న కొబ్బరితోట ఉండేది. సముద్రం తీసుకుపోయింది. పాపం, దీనికింకా తెలీదు."

"మరి మొగ కూడా పాతదే చూపిస్తేనండీ? మార్చుకొచ్చేద్దాం."

"ఆయ్, మొగ సంగతి నేను చూసుకుంటాలే. దీన్ని మాత్రం వెనక్కివ్వకు."

దారి కోసం కొన్న పెట్టెను ఇప్పుడు ఎందుకు ఉంచుకున్నామో, రేపు ఎలా పనిచేస్తోందని షాపాయన అడిగితే ఏమని చెప్పాలి? మీరైతే ఏం చెబుతారు?