మగ్గం చప్పుడులో ఆ, ఈ, ఓ

“కండెలు అయినయా?” అన్నాడు మా ఆయన.

“ఇంక రెండున్నయి. ఆగు” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు ఇవే. ఆగమంటే ఆగాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో చెప్పగానే నా మాట విన్నది ఆ ఒక్కసారే. ఆ రెండూ చుట్టి తీసుకుపోయేసరికి మగ్గం మీద తల వాల్చి ఉన్నాడు. దవాఖానాలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, గుండె అని చెప్పాడు.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. ఇప్పుడు చెప్పడం పాట కోసం. నాకు సంతకం వచ్చు, బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. నేను చెబుతుంటే మా చెల్లెలి బిడ్డ రాస్తోంది. పుస్తకం భాషలో పెడతానంది. పెట్టుకోమన్నాను. మనుషులు మాట్లాడినవి మాత్రం ముట్టుకోవద్దన్నాను.

మాది పానగల్ దగ్గర ఊరు. నేను మక్తల్ వైపు నుంచి కోడలిగా వచ్చాను. ఇంట్లో ఒకటే పొడుగు గది. ఆ చివర మగ్గం, దాని కింద గుంతలో కాళ్లు పెట్టుకుని ఆయన. ఈ చివర రాట్నం ముందు నేను. మగ్గంలో అటూ ఇటూ ఉరికే నాడెలో ఆయన పెట్టుకునే కండెలకు దారం చుట్టడం నా పని. మగ్గం ఆడుతుంటే మాట వినబడదు. ఆ కొట్టుడుకు మాట ముక్కలైపోతుంది. మిగిలేది నోరు తెరిచిన చప్పుడు ఒక్కటే. దారం అన్నా, కారం అన్నా, జాగారం అన్నా, ఇవతలికి వచ్చేది ఆ.

ఆయన నేస్తూ పాడేవాడు. చీర నడుమ నేస్తున్నంతసేపు పాట ఆ మీదే నడిచేది. ఆ, ఆ, ఆ, చివర ఒక పొడుగు ఓ. చీర కొంగు దగ్గర పడిందంటే అదే వరస ఈ మీదికి మారేది. ఈ వినబడగానే నేను ఎర్ర కండెలు పట్టుకుని లేచేదాన్ని. కేక లేదు, పిలుపు లేదు.

ఉత్తగా వినడం నాతో కాదు. నేనూ కలిపాను. ఆయన మాటలు తెలియవు కాబట్టి నావి పెట్టుకున్నాను. ఆ ఉన్నచోట ఆ, ఈ ఉన్నచోట ఈ పడితే చాలు. నడుముకు ఇది:

నాలుగు బారల దారం నాకాడ జారెనో

కొంగుకు ఇది:

బీరకాయ చీరి మీద జీలకర్ర వేసెనో

ఇంకా మంచిది కట్టి ఉండవచ్చు. పొయ్యి మీద ఉన్నది నోట్లోకి వచ్చింది.

ఒకనాడు అన్నం పెడుతూ అడిగాను. “పొద్దంత ఏం పాడుతవయ్యా? ఒక్క మాట తెలువది నాకు.”

“నేనేడ పాడుతున్న? నువ్వెట్ల పోతె గట్ల నీ ఎన్క పోతున్న.”

“నేను నీ ఎన్క పోతున్న గద.”

“మరి ముంగట ఎవలు పోతున్నరు?” అన్నాడు. కంచం ముందుకు జరిపి, “కూర ఎయ్యి” అన్నాడు.

కూర బీరకాయే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

పోయిన నెల నేత సంఘం నుంచి మా మరిది వరస ఆయన ఫోను పట్టుకుని వచ్చాడు.

“వదినా, మగ్గం పాటలు బుక్కు ఏస్తున్నం. అన్న పాట లేకుంటె ఎట్ల? పాడు, ఫోన్ల పడుతది.”

పాడాను. బీరకాయ దగ్గర ఫోను ఆపాడు.

“అన్న బీరకాయ మీద కట్టిండా?”

“బీరకాయ నాది. అన్నది ఈ.”

“ఈ అంటె ఏంది?”

“ఈ అంటె ఈ.”

గోడకు అవతల ఇంకో మగ్గం ఉంది. ఆ నేసే ఆయనకు మాటలు తెలిసి ఉంటాయని ఇద్దరం వెళ్లాం. రోజూ విన్నాను, నేనూ కలిపాను అని గొంతు సవరించుకుని ఎత్తుకున్నాడు.

నీళ్ల సీసా తీసి చూస్తె మీదంత కల్లేనో

“నీకు ఏ పాటయినా గా కల్లు కాడికే పోతది” అంది వాళ్లావిడ లోపలి నుంచి.

నాలుగు రోజులకు మరిది ఒక కాగితం తెచ్చాడు. సంఘంలో పాటలు కట్టే సారు ఒకాయన, నేను పాడిన ‘ఈ’లన్నీ విని వాటికి సరిపోయే మాటలు పెట్టాడట.

నీలి నీళ్లల్ల చీర నీడ నీదేనో

మంచిగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి, నా బీరకాయ కంటే చాలా మంచిగా ఉంది. ‘ఈ’లన్నీ ఆయన ‘ఈ’లు పడ్డచోటే పడ్డాయి. కింద ఎవరి పేరు ఉందని అడిగాను.

“అన్న పేరే. ఎవలకెరుక వదినా?”

నాకు ఎరుక. ఇంకో నాలుగేళ్లు పోతే నాకూ ఎరుక ఉండదు. ఆయన నీలి నీళ్లనే పాడాడని నేనే నలుగురికీ చెబుతాను. నా దగ్గర ఆయన మాటలు ఉన్నవే తక్కువ. లేనివి తెచ్చి కలిపితే, ఉన్నవి ఏరుకోవడం నా వల్ల కాదు.

ఆ ఉన్నవాటిలో ఆఖరివి మొదట్లో చెప్పాను. కండెలు కావాలంటే ఆయన ఏనాడూ మాటల్లో అడగలేదు. ఆ రోజు మగ్గం ఆపి అడిగాడు. పాట లేదు, చప్పుడు లేదు, మాట తేటగా వినబడింది. అప్పుడే లేవాల్సింది. రాట్నం తిప్పుతూ ఆగమన్నాను.

“సారు పాట సారు పేరుతోటి ఎయ్యి” అన్నాను మరిదితో. “బీరకాయ నా పేరుతోటి ఎయ్యి. అన్న పేరు కింద ఆ, ఈ, ఓ ఎయ్యి.”

“బుక్కుల గట్ల ఏస్తరా? నవ్వుతరు.”

“నవ్వనియ్యి.”

సంఘంలో అందరికీ చూపిస్తాను, నువ్వు అన్నదంతా కాగితం మీద పెట్టియ్యమన్నాడు. రేపు వస్తాడు. ఆ కాగితం ఇదే.

“అయిపోయింది బిడ్డా. ఇగ సదివి వినిపియ్యి. ఈడ కాదు, పోయి మగ్గం గుంతల కూసో. ఉత్త మగ్గమే, దారం లేదు, ఏం ఖరాబు కాదు. కాళ్లతోటి తొక్కు, చేతితోటి కొట్టు, కొట్టుకుంట సదువు. నేను రాట్నం కాడ కూసుంట. మాటలు నాకెరుకనే. ‘ఈ’లు ఏడేడ వస్తయో విననియ్యి.”