తోమె పిన్ని తప్పు ముద్దలు

తోమె పిన్ని తన జన్మలో ఒక్క పూటైనా సరైన ముద్దను సరైన మనిషికి ఇచ్చిన పాపాన పోలేదు.

ఇచినోమియాలో మేం పనిచేసిన ఉన్ని మిల్లుకి ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉండేది. దానికి వార్డెన్, వంటమనిషి, పోలీసు అన్నీ ఆవిడే. తెల్లారకుండానే లేచి, మేం మధ్యాహ్నం తినడానికి ఒనిగిరి అనే అన్నం ముద్దలు చుట్టేది. ఉప్పునీళ్ళతో చేతులు తడుపుకుని, వేడన్నం తీసుకుని, దాని కడుపులో ఊరగాయ దాచి, మూడు మూలలు తేలేలా నొక్కి, నల్లటి నాచురేకు కప్పి, వెదురు పొరలో కట్టి, పైన పేరు రాసేది. పేరు సరిగ్గానే ఉండేది. కడుపులోదే తప్పు.

ఆ ఊరగాయలు మిల్లువి కావు. మా ఇళ్ళ నుంచి వచ్చినవి. గదుల్లో తిండి ఉంటే ఎలుకలొస్తాయని, ఎవరికి ఏ జాడీ వచ్చినా వంటింట్లో అప్పజెప్పాలని ఆవిడ రూలు. అవొమొరి మంచుదేశం నుంచి వచ్చిన తెరుకి ఉప్పులో ఊరిన చేపగుడ్లు వచ్చేవి. కుమమొతో పిల్ల చిజురుకి ఆవాకు ఊరగాయ. తొయామా నుంచి వచ్చిన మసునోకి ఎండు సముద్రపు నాచు తురుము. నాది వాకయామా కొండల్లో ఉమె తోటల ఊరు. ఎర్రగా, పుల్లగా, ఉప్పగా ఊరిన ఉమె కాయ లోపల లేకపోతే మా ఊళ్ళో దాన్ని ముద్ద అనరు.

నేను రైలెక్కే రోజున మా నానమ్మ ఒక జాడీ తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"నా చేతులు ఇక లేవట్లేదే, షిగెనో. వచ్చే ఏడు కాయలు ఎండబెట్టడం నావల్ల కాదు. ఇదే ఆఖరి జాడీ. చూసుకుని తిను" అంది.

ఆ జాడీని నేను దారంతా పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకొచ్చాను. తెచ్చి తోమె పిన్ని చేతిలో పెట్టాను. మర్నాడు మధ్యాహ్నం, ఇల్లు తలుచుకుంటూ, కళ్ళు మూసుకుని ముద్ద కొరికాను. నోట్లో చేపగుడ్లు చిట్లాయి.

అప్పటిదాకా నేను మిల్లులో నోరు విప్పలేదు. నా యాస విని ఎవరైనా నవ్వుతారని భయం. నాకే కాదు, అందరికీ అదే భయం. మగ్గాల దగ్గర ఎలాగూ ఆ మోతలో మాట వినపడదు. అన్నాల గదిలోనూ ఎవరి గోడ వాళ్ళు చూసుకుని తినేవాళ్ళం. కానీ మా నానమ్మ ఉమె కాయ ఎవరి కడుపులోకో పోతుంటే యాస గురించి ఎవరు ఆలోచిస్తారు? ఒళ్ళు మండి లేచి నిలబడ్డాను.

"నా ఉమె ఎవరికి వెళ్ళింది? ఎవరు తింటున్నారో చెప్పండి."

మూలనుంచి తెరు భయంభయంగా చెయ్యెత్తింది. ఏదో అంది. ఆ మంచుదేశపు మాట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఆమె కళ్ళు నా చేతిలోని చేపగుడ్లకు అతుక్కుపోయాయి. అది అర్థమైంది. ఎంగిలి ముద్దలే మార్చుకున్నాం. అవతల చిజురు కూడా లేచి, "మరి నా ఆవాకు ఎవరి దగ్గరుందో కూడా అడుగు" అంది.

ఆరోజునుంచి మధ్యాహ్నం గంట కొడితే ఆ గది చేపల బజారైపోయేది.

"ఆవాకు ఎవరికొచ్చిందే?"

"నాకు. నాచు తురుము ఇస్తేనే ఇస్తా."

"సగం ఇస్తా, రేపు నా పక్కన కూర్చుంటావా?"

సాయంత్రం వెళ్ళి తోమె పిన్నిని నిలదీశాను.

"పిన్నీ, జాడీ నేనే కదా మీ చేతికిచ్చింది. నాకు చేపగుడ్లెలా వచ్చాయి?"

"ముసలిదాన్నే తల్లీ. కళ్ళు కనబడవు" అంది.

అదే పిన్ని, గేటు దగ్గర ఒక పిల్ల పెదాలకి కాస్త రంగు పూసుకుంటే వంటింటి కిటికీలోంచి పట్టేసేది. ఇంకోరోజు అడిగితే ఆవిరి కమ్మేసిందంది. మరోరోజు ఎలుకలు జాడీలు అటూ ఇటూ జరిపాయంది. ఎలుకలు రాకుండా ఉండాలనే కదా జాడీలు తీసుకున్నారంటే, "వంటింట్లోకి రానిస్తాను, గదుల్లోకి రానివ్వను" అంది.

నేనూ తక్కువదాన్ని కాదు. ఒక ఎత్తు వేశాను.

"పిన్నీ, ఈమధ్య నాకు ఉమె అంటే వెగటు పుట్టింది. ఆవాకైతే ప్రాణం లేచొస్తోంది" అన్నాను, ఎలాగూ తప్పే ఇస్తుంది కదా, ఉమె వస్తుందని.

"అలాగా, పాపం" అని ఎంతో జాలిగా చూసింది. మర్నాడు నాచు తురుము వచ్చింది.

ఆవిడ తినే ముద్దలో మాత్రం ఏమీ ఉండేది కాదు. ఉత్త ఉప్పు. మా జాడీలు అన్ని ఉన్నా వేలు పెట్టి రుచైనా చూసేది కాదు. "మీదే ఊరు పిన్నీ?" అని అడిగితే, "ఎప్పుడో వచ్చేశాను. ఊరు నన్ను మర్చిపోయింది, నేను దాన్ని మర్చిపోయాను, లెక్క సరి" అనేది. ఆవిడకి ఏ ఊరి నుంచీ ఏ జాడీ వచ్చేది కాదు. మొదట్లో మేమది గమనించనేలేదు. మా జాడీల గోలే మాకు సరిపోయింది.

చలికాలం అయ్యేసరికి మా నానమ్మ జాడీ అడుగు కనపడింది. ఎప్పుడు వంటింట్లోకి వెళ్ళినా నా చూపు దానిమీదకే పోయేది. మా నానమ్మ పెరట్లో చాపలు పరిచి, కాయల్ని ఒక్కొక్కటే తిప్పుతూ, వాన మబ్బుని తిట్టుకుంటూ ఉండేది. ఇక ఆ చాపలు పరవరు. ఒకరోజు చూస్తే జాడీ కడిగి బోర్లించి ఉంది.

"అయిపోయాయా?"

"అయిపోయాయి" అంది తోమె పిన్ని, నావైపు చూడకుండా.

ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. తెరు వచ్చి నా పక్కన కూర్చుంది. అప్పటికి మాకు మాటలు అక్కర్లేదు.

పూలు పూసే రోజుల్లో తోమె పిన్ని మోకాళ్ళు మొరాయించాయి. గిఫులో ఉన్న మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోతానంది. ఆఖరి రోజున ముద్దలు చుట్టి, మూట పక్కన పెట్టుకుని, మాతోపాటు అన్నాల గదిలో కూర్చుంది. బజారు మొదలుపెడదామని కొరికాం. ఎవరూ లేవలేదు.

ఈ కథ మొదట్లో అబద్ధం చెప్పాను. ఒక్క పూట సరైన ముద్దే ఇచ్చింది. తెరు నోట్లో చేపగుడ్లు, చిజురు నోట్లో ఆవాకు. నా ముద్ద నడిమధ్య ఉమె కాయ. ఎక్కడ దాచిందో, మా నానమ్మ ఆఖరి కాయ.

"కళ్ళు బాగయ్యాయా పిన్నీ?" అన్నాను.

"ఎప్పుడు బాలేవే? మీకంటే ముందొచ్చిన పిల్లలకి ఎవరిది వాళ్ళకే పెట్టేదాన్ని. ఒక్కొక్కతీ గోడకేసి తిరిగి, ఇల్లు తలుచుకుని ఏడ్చి, సగం ముద్ద వదిలేసి వెళ్ళేది. కొందరైతే మిల్లు మానేసి వాళ్ళ ఊళ్ళకి వెళ్ళిపోయారు. నాకు అన్నం పారేస్తే ఒళ్ళు మంట" అంది.

తెరు అలవాటు కొద్దీ తన ముద్ద నావైపు చాచింది.

"మారుస్తావా?"

ఆఖరి కాయ. చచ్చినా ఇవ్వనన్నాను. మరుక్షణం సగానికి చీల్చాను. ఒక సగం నోట్లో వేసుకున్నాను. మా పెరడు, చాపలు, నానమ్మ తిట్లు అన్నీ ఒక్కసారి నాలుక మీదకొచ్చాయి. రెండో సగం పట్టుకుని తోమె పిన్ని పక్కనున్న ఉత్త ఉప్పు ముద్ద లాక్కున్నాను. దాన్ని విప్పి ఆ సగం కాయ కుక్కాను. తెరు చేపగుడ్లు వేసింది. చిజురు ఆవాకు వేసింది. మసునో నాచు తురుము చల్లింది. ముద్ద మూసి ఆవిడ చేతిలో పెట్టాం.

కొరికింది. మొహం నిమ్మకాయ పిండినట్టు అయిపోయింది.

"ఛీ, ఇదేం ముద్దే? ఏ ఊరిదిది?"

"మీ ఊరిదే పిన్నీ" అంది తెరు, తన మంచుదేశపు యాసలోనే.

తోమె పిన్ని కాసేపు మా మొహాలవైపు చూసింది. తర్వాత తిట్టుకుంటూనే, వెదురు పొరకు అంటుకున్న మెతుకుతో సహా, మొత్తం తినేసింది.